చేపపిల్లల మేతలో మాంసకృత్తులు: ఎంత ఉంటే ఎదుగుదల, ఎక్కడ మించితే నష్టం

గుడ్డు నుంచి వెలువడి మూడు రోజులైన శీలావతి పిల్ల పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. నర్సరీ చెరువులో పరిస్థితులు అనుకూలిస్తే రెండు మూడు వారాల్లో అది 25 మిల్లీమీటర్లకు చేరుతుంది. పొడవు నాలుగు రెట్లు పెరిగితే, దేహాకృతి మారలేదనుకున్నప్పుడు, బరువు 64 రెట్లు పెరుగుతుంది. కోడిపిల్ల గాని, గొర్రెపిల్ల గాని పుట్టిన మూడు వారాల్లో ఇంత వేగంగా ఎదగవు.

ఈ ఎదుగుదలకు ముడిసరుకు మాంసకృత్తులు. చేప దేహంలో నీటిని మినహాయిస్తే మిగిలిన పదార్థంలో సగానికి పైగా అవే ఉంటాయి. కండరం, చర్మం, మొప్పలు, రక్తం, జీర్ణరసాలు అన్నీ వాటితోనే ఏర్పడతాయి. అందువల్ల పిల్ల దశలో మేతలోని మాంసకృత్తులు చాలకపోతే ఎదుగుదల మందగిస్తుంది. వ్యాధులను తట్టుకునే శక్తి తగ్గుతుంది. బలహీనమైన పిల్లలు ముందుగా చనిపోతాయి.

అయితే మాంసకృత్తులు ఎక్కువైన కొద్దీ ఎదుగుదల కూడా పెరుగుతూ పోతుందనుకోవడం పొరపాటు. ఒక హద్దు దాటిన తరువాత అదనపు మాంసకృత్తులు కండగా మారవు. అవి ఇంధనంగా దహనమై, అమోనియా రూపంలో నీటిలోకి చేరి, ఏ పిల్లల కోసం మేత వేశారో ఆ పిల్లలకే హాని చేస్తాయి. మేతతో చేసే సాగులో మొత్తం ఖర్చులో సగానికి మించి మేతదే. ఆ మేతలో అత్యంత ఖరీదైన భాగం మాంసకృత్తులు. ఈ కారణాల వల్ల ఏ వయసు పిల్లకు, ఎంత శాతం, ఏ నాణ్యతతో ఇవ్వాలన్నది రైతు లాభనష్టాలను నేరుగా నిర్ణయించే విషయం.

పిల్ల దశలో అవసరం ఎందుకు ఎక్కువ

జీవి తిన్న ఆహారం రెండు పనులకు ఉపయోగపడుతుంది. ఒకటి ప్రాణాన్ని నిలబెట్టడం. రెండవది దేహాన్ని పెంచడం. ఎదిగిన చేపలో మొదటి పని వాటా పెద్దది. పిల్లలో రెండవ పనిదే ప్రధాన స్థానం. రోజుకు దేహం బరువులో ఎంత శాతం కొత్తగా చేరుతున్నదో దానికి తగినట్టుగా మాంసకృత్తుల అవసరం ఉంటుంది. వయసు పెరిగిన కొద్దీ ఆ వేగం తగ్గుతుంది కనుక అవసరమూ తగ్గుతూ వస్తుంది.

నేల మీది జంతువులతో పోల్చినప్పుడు చేపల మేతలో మాంసకృత్తుల శాతం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. మాంసం కోళ్ల దాణాలో 18 నుంచి 22 శాతం ఉంటే సరిపోతుంది. చేపపిల్లలకు 35 నుంచి 45 శాతం, కొన్ని మాంసాహార జాతులకు 50 శాతం దాకా అవసరమవుతుంది. దీనిని బట్టి చేప మాంసకృత్తులను వృథా చేస్తుందని భావించరాదు. కోడి తన దేహ ఉష్ణోగ్రతను నిలుపుకోవడానికి, నిలబడడానికి, నడవడానికి ఎంతో శక్తిని వెచ్చించాలి. చేప శీతల రక్త జీవి. దాని బరువును నీరే మోస్తుంది. దేహంలోని నత్రజని వ్యర్థాన్ని కోడి మాదిరిగా యూరిక్ ఆమ్లంగా మార్చే శ్రమ లేకుండా, మొప్పల గుండా అమోనియాగా నేరుగా నీటిలోకి వదులుతుంది. ఈ మూడు కారణాల వల్ల చేపకు శక్తి అవసరం తక్కువ. మేతలో శక్తినిచ్చే పిండిపదార్థాలు, కొవ్వుల వాటా తక్కువగా ఉంటే సరిపోతుంది కనుక మాంసకృత్తుల శాతం పెద్దదిగా కనిపిస్తుంది. ఒక కిలో బరువు పెరగడానికి ఎంత మాంసకృత్తులు ఖర్చయ్యాయని లెక్కిస్తే చేపకు, కోడికి మధ్య తేడా అంతగా ఉండదు.

అవసరాన్ని ఎలా నిర్ణయిస్తారు

శాస్త్రవేత్తలు ఒకే వయసు, ఒకే బరువు గల పిల్లలను చిన్న తొట్లలో గుంపులుగా పెంచుతారు. మేతలన్నిటిలో శక్తి సమానంగా ఉండేటట్టు చూసి, మాంసకృత్తుల శాతాన్ని మాత్రం 25, 30, 35, 40, 45 అని మెట్లు మెట్లుగా మారుస్తారు. కొన్ని వారాల తరువాత తూకం వేస్తారు. శాతం పెరిగిన కొద్దీ ఎదుగుదల ఒక స్థాయి వరకు పెరుగుతుంది. ఆ తరువాత గీత సమతలంగా సాగుతుంది. కొన్ని ప్రయోగాలలో కిందికి వంగుతుంది కూడా. గీత వంగిన చోటే ఆ పిల్ల అవసరం ఉన్నదని గ్రహిస్తారు.

ఈ పద్ధతికి తొలి పునాదులు అమెరికాలో సాల్మన్ పిల్లల మీద పడ్డాయి. జాన్ హాల్వర్, ఆయన సహచరులు 1957లో చినూక్ సాల్మన్‌కు పది అమైనో ఆమ్లాలు మేత ద్వారానే అందాలని తేల్చారు. 1958లో వెలువడిన మరో పరిశోధనలో ఇవే పిల్లలకు 8 డిగ్రీల సెల్సియస్ నీటిలో 40 శాతం, 15 డిగ్రీల నీటిలో 55 శాతం మాంసకృత్తులు అవసరమైనట్టు కనిపించింది. నీరు వెచ్చబడితే దేహక్రియలు వేగం అందుకుంటాయని, దానితో పోషణ అవసరం మారుతుందని ఆ ఫలితం సూచించింది. తరువాతి కాలంలో అన్ని జాతులలోనూ ఈ తేడా ఇలాగే కనిపించలేదు. కొన్ని చేపలు శాతం మారకపోయినా ఎక్కువ మేత తిని అవసరం తీర్చుకుంటాయని తెలిసింది. హాల్వర్‌తో కలిసి పనిచేసిన ఎడ్విన్ మెర్ట్జ్, 1964లో లైసిన్ అధికంగా ఉండే మొక్కజొన్నను గుర్తించిన బృందానికి నాయకునిగా ఆ తరువాత ప్రసిద్ధులయ్యారు. చేపపిల్ల మేత, మనిషి తిండిగింజ అనే రెండు ప్రశ్నలకూ మూలం ఒకటేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

జపాన్‌లో ఒగినో, సైటో 1970లో సాధారణ కార్పు పిల్లలకు 38 శాతం అవసరమని లెక్కగట్టారు. భారత ఉపఖండపు చేపలైన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మీద జరిగిన ప్రయోగాలు కూడా ఇంచుమించు ఇదే పరిధిని చూపాయి. స్థూలంగా చెప్పాలంటే ఈ జాతుల తొలి దశ పిల్లలకు 35 నుంచి 45 శాతం, వేలెడు పొడవున్న పిల్లలకు 30 నుంచి 35 శాతం, పెంపకపు చెరువులోని చేపలకు 25 నుంచి 30 శాతం సరిపోతుంది. తిలాపియాలోనూ ఇదే క్రమం. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమీను మాంసాహారి కనుక దాని పిల్లలకు 45 నుంచి 55 శాతం దాకా కావాలి.

పది అమైనో ఆమ్లాలలో ఏది లోపించినా

నిజానికి చేపకు కావలసినవి మాంసకృత్తులు కావు, వాటిలోని అమైనో ఆమ్లాలు. జీర్ణక్రియలో మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. దేహం వాటిని తనకు కావలసిన క్రమంలో మళ్లీ కూర్చుకుంటుంది. ఆర్జినిన్, హిస్టిడిన్, ఐసోలూసిన్, లూసిన్, లైసిన్, మిథియోనిన్, ఫినైల్‌అలనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ అనే పదింటిని చేప స్వయంగా తయారు చేసుకోలేదు. అక్షరాలు కూర్చి మాట అచ్చువేసే వ్యక్తి దగ్గర ఒక్క అక్షరం నిండుకుంటే తక్కినవి ఎన్ని ఉన్నా మాట పూర్తి కాదు. అలాగే పదింటిలో ఏది తక్కువైతే దాని మేరకే కొత్త కండ ఏర్పడుతుంది. మిగిలిపోయిన తొమ్మిది దహనమైపోతాయి.

వేరుశనగ చెక్కను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో మాంసకృత్తులు 40 నుంచి 45 శాతం ఉంటాయి. అంకె చూస్తే చేపపిల్లకు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ కార్పు పిల్లలకు మొత్తం మాంసకృత్తులలో దాదాపు 5.7 శాతం లైసిన్ ఉండాలి. వేరుశనగ మాంసకృత్తులలో అది సుమారు 3.5 శాతమే. మిథియోనిన్ కూడా తక్కువే. కనుక ఒక్క వేరుశనగ చెక్క మీదనే ఆధారపడితే, అందులోని మాంసకృత్తులలో గణనీయమైన భాగం కండగా మారదు.

చేపపొడి ఇందుకు భిన్నం. అందులో 60 నుంచి 70 శాతం మాంసకృత్తులు ఉంటాయి. అమైనో ఆమ్లాల నిష్పత్తి చేప దేహానికి దగ్గరగా ఉంటుంది. సులువుగా జీర్ణమవుతుంది. కానీ అది సముద్రంలో పట్టిన చిన్న చేపల నుంచి వస్తుంది. ధర ఎక్కువ, సరఫరా పరిమితం. ఆ చిన్న చేపలు తీరప్రాంత పేదలకు ఆహారం కూడా. అందువల్ల సోయా, వేరుశనగ, పత్తి, ఆవ చెక్కలతో చేపపొడికి ప్రత్యామ్నాయం వెతకడం ప్రపంచవ్యాప్తంగా పోషణ పరిశోధనలో ప్రధానాంశమైంది.

ప్రతి చెక్కకూ ఒక లోపం ఉన్నది. సోయాలో మాంసకృత్తులు 44 నుంచి 48 శాతం ఉన్నా మిథియోనిన్ తక్కువ. సరిగా వేడి చేయకపోతే జీర్ణరసాలను అడ్డుకునే పదార్థాలు అందులో మిగిలిపోతాయి. పత్తి చెక్కలోని గాసిపాల్ లైసిన్‌ను బంధించి చేపకు అందకుండా చేస్తుంది. ఆవ చెక్కలోని గ్లూకోసినోలేట్లు థైరాయిడ్ గ్రంథి పనికి ఆటంకం కలిగిస్తాయి. తవుడులోని ఫైటేట్ భాస్వరాన్ని, ఖనిజాలను పట్టి ఉంచుతుంది. రెండు మూడు చెక్కలను కలిపి వాడితే ఒకదాని లోపాన్ని మరొకటి కొంతవరకు పూరిస్తుంది. మేత కర్మాగారాలలో లైసిన్, మిథియోనిన్‌లను విడిగా కూడా కలుపుతారు.

సంచి మీది అంకె ఏమి చెబుతుంది

మేత సంచి మీద ముద్రించే ముడి మాంసకృత్తుల శాతం నిజానికి మాంసకృత్తుల కొలత కాదు, నత్రజని కొలత. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో యోహాన్ కెల్దాల్ 1883లో రూపొందించిన పద్ధతి ప్రకారం పదార్థంలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చవేస్తారు. మాంసకృత్తులలో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్నది ఈ లెక్కకు ఆధారం.

నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్ష చెప్పలేదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. ఈ లెక్కన కిలో యూరియా 287 శాతం మాంసకృత్తులు ఉన్న పదార్థంగా కనిపిస్తుంది. కానీ చేపకు అది ఎందుకూ కొరగాదు. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపి మాంసకృత్తులు ఎక్కువగా చూపిన ఉదంతం ఈ బలహీనతను ప్రపంచానికి తెలియజేసింది. అదే విధంగా కోడి ఈకలు, తోలు వ్యర్థాల వంటివి శాతంలో ఘనంగా ఉన్నా, తగిన శుద్ధి లేకపోతే పిల్ల చేప కడుపులో జీర్ణం కావు. కార్పు జాతి చేపలకు జీర్ణాశయమే ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి వెళుతుంది. తొలి రోజులలో ఆ పేగు కూడా పూర్తిగా అభివృద్ధి చెంది ఉండదు. కనుక మాంసకృత్తుల శాతంతో పాటు జీర్ణమయ్యే గుణం కూడా ముఖ్యం.

ఈ రంగంలో నియంత్రణకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 16150 పేరిట చేపమేత ప్రమాణాలను ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో చేపమేత నాణ్యతా నియంత్రణ చట్టం తీసుకువచ్చింది.

నర్సరీ చెరువు: మేత కొంత, నీరు కొంత

ఒడిశాలో 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి కార్పు చేపలకు పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఎక్కించి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. దేశంలో ఏటా జూలై 10న మత్స్య రైతుల దినోత్సవం జరుపుకోవడం ఆ సంఘటనకు గుర్తుగానే. అంతవరకు వరద నదులలో వలపన్ని పట్టిన పిల్లలే చెరువులకు ఆధారం. ఆ విజయంతో హేచరీలలో కోట్ల పిల్లలను పుట్టించడం సాధ్యమైంది. అప్పటి నుంచి వాటిని బతికించడమే అసలు సమస్యగా మారింది. నర్సరీ చెరువులలో సగం పిల్లలు మిగిలితే మంచి ఫలితంగానే భావిస్తారు.

దశాబ్దాలుగా అమలులో ఉన్న నర్సరీ పద్ధతిలో వేరుశనగ చెక్క, తవుడు సమభాగాలుగా మెత్తగా పొడిచేసి చల్లుతారు. పది లక్షల పిల్లలకు మొదటి 5 రోజులు రోజుకు 6 కిలోలు, ఆ తరువాత రోజుకు 12 కిలోలు, రెండు విడతలుగా ఇవ్వడం వాడుకలో ఉన్న మోతాదు. చెక్కలో 42 శాతం, తవుడులో 12 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే మిశ్రమంలో ఉండేది 27 శాతం. పిల్ల అవసరమేమో 40 శాతం దరిదాపుల్లో ఉన్నది. అయినా పిల్లలు ఎదుగుతున్నాయి. ఆ లోటును నీరు తీరుస్తుంది.

పిల్లలను వదలడానికి ముందే చెరువుకు పేడ, చెక్క వేసి జంతు ప్లవకాలను పెంచుతారు. కంటికి చుక్కల్లా కనిపించే రోటిఫర్లు, డాఫ్నియా, మొయినా వంటి ఈ జీవులలో నీరు తీసివేసి లెక్కిస్తే సగానికి పైగా మాంసకృత్తులే. వాటి అమైనో ఆమ్లాల కూర్పు పిల్ల అవసరానికి సరిపోతుంది. పరిమాణం పిల్ల నోటికి పడుతుంది. కదులుతుంటాయి కనుక పిల్ల వాటిని గుర్తించి తింటుంది. తొలి వారంలో చెక్క-తవుడు పొడిలో ఎంతో భాగం నేరుగా పిల్ల కడుపులోకి పోదు. నీటిలో ప్లవకాలకు ఆహారమై, ప్లవకాల ద్వారా పిల్లకు చేరుతుంది.

ప్లవకాలు తగ్గిపోయిన చెరువులో, సిమెంటు తొట్టిలో ఈ సాయం ఉండదు. అక్కడ 27 శాతం మిశ్రమం చాలదు. చేపపొడి లేదా సోయాతో కూడిన, 40 శాతం దగ్గర మాంసకృత్తులున్న మెత్తని పొడి మేత అవసరం. ఒకే మేత ఒక చెరువులో మంచి ఫలితమిచ్చి, పక్క చెరువులో విఫలం కావడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

మించినప్పుడు జరిగేది

30 శాతం మాంసకృత్తులున్న మేత ఒకటిన్నర కిలోలు తిని చేపలు ఒక కిలో బరువు పెరిగాయనుకుందాం. అవి తిన్న మాంసకృత్తులు 450 గ్రాములు. కొత్తగా పెరిగిన కిలో దేహంలో చేరినవి సుమారు 160 గ్రాములు. తక్కిన 290 గ్రాములు దహనమయ్యాయి లేదా మలంగా బయటికి పోయాయి. ఆ 290 గ్రాములలో దాదాపు 46 గ్రాముల నత్రజని ఉన్నది. అదంతా చెరువులోనే మిగులుతుంది. మేతలో శాతాన్ని 40కి పెంచి, ఎదుగుదల మాత్రం పెరగకపోతే, మిగిలే నత్రజని 70 గ్రాములు దాటుతుంది.

నీటిలో అమోనియా రెండు రూపాలలో ఉంటుంది. విషపూరితమైనది అయనీకరణ చెందని రూపం. దాని వాటాను నీటి క్షారత్వం నిర్ణయిస్తుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో ఒక శాతం లోపే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది. పీహెచ్ 9 అయితే 40 శాతం మించుతుంది. ఆకుపచ్చగా మారిన చెరువులో నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల మధ్యాహ్నం తరువాత పీహెచ్ పెరుగుతుంది. ఉదయం ప్రమాదం లేని అమోనియా సాయంత్రానికి ప్రమాదకరమవుతుంది. మొప్పలు దెబ్బతిన్న పిల్ల మేత మానుతుంది. తినకుండా వదిలిన మేత కుళ్లి, నీటిలో కరిగిన ప్రాణవాయువును హరిస్తుంది. ఎదుగుదల కోసం వేసిన మాంసకృత్తులే ఎదుగుదలను ఆపే స్థితి ఇది.

దీనికి విరుగుడు శక్తిని మాంసకృత్తుల నుంచి కాక పిండిపదార్థాలు, కొవ్వుల నుంచి అందించడం. మేతలో తగినంత శక్తి లేకపోతే చేప మాంసకృత్తులనే ఇంధనంగా వాడుకుంటుంది. కార్పు జాతి చేపలు పిండిపదార్థాలను బాగానే వినియోగించుకుంటాయి. తవుడు, నూకలు, మొక్కజొన్న వంటివి మేతలో ఉండడానికి హేతువు చవక ఒక్కటే కాదు. అవి మాంసకృత్తులను కండ నిర్మాణానికి మిగులుస్తాయి. కానీ శక్తి మరీ ఎక్కువైతే చేప కడుపు త్వరగా నిండినట్టై తక్కువ తింటుంది, కొవ్వు పడుతుంది. రెండింటి మధ్య తూకమే మేత తయారీలో కీలకం.

ఎదుగుదల ఆపి, మళ్లీ అందించడం

పిల్ల దశలో మాంసకృత్తులు తగ్గితే నష్టం శాశ్వతమా అన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ రైతుల ఆచరణ ఆసక్తికరమైన సమాధానం ఇస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి డెల్టాలలో రైతులు వేలెడు పిల్లలను నేరుగా పెంపకపు చెరువులోకి వదలరు. చిన్న చెరువులో కిక్కిరిసేటట్టు ఉంచి, తక్కువ మేతతో నెలల తరబడి ఎదుగుదలను అదుపు చేస్తారు. ఏడాది వయసుకు దగ్గరపడి 100 గ్రాములు, అంతకు పైబడిన పిల్లలను అప్పుడు పెద్ద చెరువులోకి మారుస్తారు. చోటు, మేత దొరకగానే ఆ పిల్లలు కోల్పోయిన ఎదుగుదలను వేగంగా పూడ్చుకుంటాయి. పెద్ద పిల్లలు కనుక చావులూ తక్కువ. శాస్త్రవేత్తలు దీనిని పరిహార ఎదుగుదల అంటారు.

ఈ అనుభవాన్ని అన్ని దశలకూ వర్తింపజేయరాదు. వేలెడు పొడవుకు చేరిన పిల్లకు దేహంలో నిల్వలు ఉంటాయి. పచ్చసొన సంచి కరిగిన కొద్ది రోజుల పిల్లకు అవి ఉండవు. ఆ దశలో కొన్ని రోజులు ఆహారం అందకపోతే, తరువాత ఎంత మంచి మేత ఇచ్చినా కోలుకోలేని స్థితికి చేరుతుంది. ఎదుగుదలను వాయిదా వేయవచ్చు గాని తొలి మేతను వాయిదా వేయరాదన్నది ఇందులోని సారాంశం.

ఇదే ప్రాంతంలో పెంపకపు దశలో నూనె తీసిన తవుడు ప్రధాన మేత. దానికి వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, రంధ్రాలు చేసిన సంచులలో నింపి, చెరువులో పాతిన గడలకు వరుసగా కడతారు. శీలావతి చేపలు రంధ్రాల దగ్గర చేరి కావలసినంత తింటాయి. సంచిలో మిగిలిన మేతను బట్టి మరునాటి మోతాదు నిర్ణయించుకోవచ్చు. నోటికి అందే పరిమాణం, పోటీపడే శక్తి లేని చిన్న పిల్లలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి చెరువు అంతటా చల్లే పొడి మేతే తగినది.

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఊరి చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే కార్యక్రమం చేపట్టింది. ఏడాది పొడవునా నీరుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను ఉద్దేశించారు. ఇలాంటి చెరువులలో పెద్దగా మేత వేయరు. పిల్ల తన ఆహారం తానే వెతుక్కోవాలి. అక్కడ బతుకుతుందా లేదా అన్నది వదలడానికి ముందు నర్సరీలో దానికి అందిన పోషణ మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

చెరువు గట్టున గమనించవలసినవి

మేత ఎంపికలో సంచి ధరను గాని, శాతాన్ని గాని విడివిడిగా చూడడం వల్ల ప్రయోజనం లేదు. ఒక కిలో చేప పెరగడానికి అయిన మేత ఖర్చును లెక్కించాలి. ఊహాజనితమైన ధరలతో చూస్తే, 28 శాతం మేత కిలో 40 రూపాయలు ఉండి, కిలో పెరుగుదలకు 1.8 కిలోలు పడితే ఖర్చు 72 రూపాయలు. 32 శాతం మేత 44 రూపాయలు ఉండి 1.5 కిలోలు పడితే 66 రూపాయలు. 40 శాతం మేత 60 రూపాయలు ఉండి 1.4 కిలోలు పడితే 84 రూపాయలు. ఈ మూడింటిలో లాభసాటి మేత అతి చవకదీ కాదు, అతి ఖరీదైనదీ కాదు. ఈ లెక్క సరిగా తేలాలంటే పది, పదిహేను రోజులకొకసారి వల వేసి కొన్ని పిల్లలను తూచి, సగటు బరువును రాసి ఉంచుకోవడం తప్పనిసరి.

మోతాదును పిల్లల బరువుతో పాటు మార్చాలి. చిన్న పిల్లలకు దేహం బరువులో ఎక్కువ శాతం మేత, రోజుకు పలు విడతలుగా కావాలి. పెరిగిన కొద్దీ శాతం, విడతలు తగ్గుతాయి. మేత రేణువు నోటి వెడల్పును మించితే ఎంతటి మాంసకృత్తులున్నా నిరర్థకమే. చలికాలపు ఉదయాలలో, మబ్బు పట్టిన రోజులలో చేపలు తక్కువ తింటాయి. ఆ రోజులలో మామూలు మోతాదు వేస్తే మిగిలేది కుళ్లే మేత.

నిల్వ కూడా పోషణలో భాగమే. తేమ తగిలిన వేరుశనగ చెక్కకు, పత్తి చెక్కకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960ల ఆరంభంలో అమెరికాలోని హేచరీలలో ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ వ్యాపించినప్పుడు, బూజు విషం చేరిన పత్తిగింజల పిండి దానికి మూలమని తేలింది. నేలకు తగలకుండా బల్లల మీద, గాలి ఆడే పొడి గదిలో సంచులు ఉంచడం, ముక్క వాసన వచ్చే చెక్కను పిల్లలకు వేయకపోవడం ఖర్చులేని జాగ్రత్తలు.

చేపపిల్ల ఎదుగుదలలో మాంసకృత్తుల పాత్రను ఒక్క అంకెలో బంధించడం సాధ్యం కాదు. తొలి వారంలో ప్లవకాలు, ఆ తరువాత నాణ్యమైన మెత్తని మేత, వేలెడు పొడవు దాటాక శాతాన్ని తగ్గిస్తూ శక్తిని సమకూర్చడం అనే క్రమం పాటించినప్పుడే రైతు ఖర్చు చేసిన ప్రతి రూపాయిలో ఎక్కువ భాగం కండగా మారుతుంది. క్రమం తప్పినప్పుడు అదే రూపాయి అమోనియాగా మారి చెరువులో కలుస్తుంది.